డిసెంబరు 10 సభకి సలహా కావాలండి: ఉత్తర కొరియా శరణార్థుల కోసం భీమవరం నుంచి ఏం చేస్తే పనికొస్తుంది?

గునుపూడి_కుర్రాడు

అందరికీ నమస్కారమండి. మానవహక్కుల దినం నాడు మా డిగ్రీ కాలేజీలో ఉత్తర కొరియా నుంచి తప్పించుకొచ్చిన వాళ్ళ గురించి సభ పెడదామని ఉంది. క్లాసులో సగంమంది కొరియన్ డ్రామాలు చూసేవాళ్ళే. సరిహద్దుకి అవతల అదే డ్రామా చూస్తే ఏళ్ళ తరబడి శిక్ష పడుతుందని తెలిశాక అడుగుతున్నారు, మనం ఏదైనా చెయ్యగలమా అని.

అనుకున్నవి ఇవండి. అక్కడినుంచి వచ్చిన ఒకరిని వీడియో కాల్‌లో మాట్లాడించడం. చందాలు పోగుచేసి పంపడం, 40 వేల దాకా రావచ్చు. ఎంపీ గారికీ చైనా ఎంబసీకీ ఉత్తరాలు. హాలు బయట ఫొటోల ప్రదర్శన. సాయంత్రం ప్రకాశం చౌక్ దాకా కొవ్వొత్తుల ర్యాలీ.

ఇందులో ఏది దండగ, ఏది ప్రమాదం, ఏది అసలు పనికొచ్చేది? డబ్బు ఎలా పంపాలో మా లెక్చరర్లకీ తెలియట్లేదు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. "మంచి ఆలోచన తమ్ముడూ" అని దీవించి వదిలెయ్యకండి.

కాలవగట్టు

ముందు మీరు అడిగేది ఏమిటో తేల్చుకోండి. "నియంతృత్వం నశించాలి" అని బ్యానరు కడితే ప్యాంగ్యాంగ్‌కి వినపడదు, ఢిల్లీ పట్టించుకోదు. బయటినుంచి ఒత్తిడి పనిచేసే చోటు ఒక్కటే ఉంది, అది చైనా. సరిహద్దు నదులైన ట్యూమెన్, యాలూ దాటి వచ్చినవాళ్ళని పట్టుకుని వెనక్కి అప్పగించేది చైనా పోలీసులే. కాబట్టి సభకి ఒకటే డిమాండు పెట్టుకోండి: బలవంతంగా వెనక్కి పంపొద్దు. మిగతావన్నీ దాని చుట్టూ తిరగాలి.

చైనా ఎప్పుడూ చెప్పే జవాబు, వీళ్ళు శరణార్థులు కారు, కూటి కోసం దొంగతనంగా వచ్చినవాళ్ళు అని. 1986లో ఉత్తర కొరియాతో కుదుర్చుకున్న సరిహద్దు ఒప్పందాన్ని చూపిస్తుంది. దీనికి రెండు జవాబులున్నాయి, రెండోది గట్టిది.

మొదటిది 1951 శరణార్థుల ఒప్పందం. చైనా 1982లో అందులో చేరింది. మనిషి ఆకలితోనే ఊరు వదిలి ఉండొచ్చు. కానీ వెనక్కి పంపితే రాజకీయ నేరస్థుడిగా చూస్తారు గనక, సరిహద్దు దాటిన తర్వాత శరణార్థి అవుతాడు. వాదన సరైనదే గానీ చైనా దీన్ని ఏళ్ళ తరబడి సాగదీస్తూనే ఉంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థని ఆ సరిహద్దు ప్రాంతంలోకి రానివ్వదు కాబట్టి ఎవరు శరణార్థో తేల్చేవాళ్ళే అక్కడ ఉండరు.

రెండోది చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం, మూడో అధికరణం. చైనా దీన్ని 1988లో ఆమోదించింది. హింసిస్తారని నమ్మడానికి గట్టి కారణాలుంటే ఆ దేశానికి ఎవరినీ పంపకూడదని అది చెబుతుంది. మనిషి ఎందుకొచ్చాడన్న ప్రశ్నకి ఇక్కడ చోటే లేదు. కూటికోసం వచ్చినా, సినిమా చూడ్డానికి వచ్చినా సరే. ఎంబసీకి రాసే ఉత్తరంలో దీన్నే పట్టుకోండి.

వెనక్కి వెళితే ఏమవుతుందన్నదానికి ఆధారం కావాలి కదా. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి 2013లో వేసిన విచారణ సంఘం నివేదిక చాలు. ఆస్ట్రేలియా మాజీ న్యాయమూర్తి మైకేల్ కిర్బీ అధ్యక్షుడు, ఇండోనేషియా నుంచి మార్జుకీ దారుస్మాన్, సెర్బియా నుంచి సోన్యా బిసెర్కో సభ్యులు. సోల్, టోక్యో, లండన్, వాషింగ్టన్‌లలో బహిరంగ విచారణలు పెట్టి 80 మందికి పైగా సాక్షుల్నీ నిపుణుల్నీ విన్నారు. రహస్యంగా మరో 240 మందికి పైగా చెప్పింది తీసుకున్నారు. 2014 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. వెనక్కి పంపిన వాళ్ళని కొట్టడం, ఆకలికి మాడ్చడం, చైనా మగవాళ్ళ వల్ల గర్భవతులైన ఆడవాళ్ళకి బలవంతపు గర్భస్రావాలు, అన్నీ అందులో నమోదయ్యాయి. ఇవి మానవాళిపై నేరాలని సంఘం తేల్చింది. దక్షిణ కొరియా వాళ్ళని గానీ క్రైస్తవ మిషనరీలని గానీ కలిశారని తెలిస్తే శిక్ష ఇంకా ఘోరం.

"పాత నివేదిక కదా" అని ఎవరైనా అంటే 2025 సెప్టెంబరులో మానవహక్కుల హైకమిషనర్ ఆఫీసు ఇచ్చిన కొత్త నివేదిక ఉంది. 300 మందికి పైగా తప్పించుకున్నవాళ్ళతో మాట్లాడి, పదేళ్ళలో పరిస్థితి బాగుపడకపోగా చాలా విషయాల్లో దిగజారిందని చెప్పింది.

ఇక ఎంపీ ఉత్తరం. మీ నరసాపురం నియోజకవర్గం నుంచి 2024లో గెలిచినాయన కేంద్రంలో సహాయమంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వెయ్యరండి, జవాబులు చెబుతారు. ఆయనకి వినతిపత్రం ఇవ్వండి, కాదనను. ప్రశ్న కోసం మాత్రం అమలాపురం, ఏలూరు, కాకినాడ ఎంపీలనో రాజ్యసభ సభ్యులనో పట్టుకోవాలి. లోక్‌సభలో ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. విదేశాంగ శాఖకి వారంలో ఒక రోజే కేటాయిస్తారు, పైగా ఏ ప్రశ్న తీసుకోవాలన్నది లాటరీ. డిసెంబరు 10న ఉత్తరం రాస్తే శీతాకాల సమావేశాలకి అందదు. నవంబరు మొదట్లోనే ఇచ్చెయ్యాలి.

ప్రశ్నని మీరే తయారుచేసి ఇస్తే పీఏ గారికి పని తగ్గుతుంది, ముందుకి కదులుతుంది. 150 మాటలు దాటకూడదు. స్నేహ సంబంధాలున్న దేశాన్ని అమర్యాదగా ప్రస్తావిస్తే నియమాల ప్రకారం తోసేస్తారు. "రాక్షస కిమ్", "క్రూర చైనా" లాంటి మాట ఒక్కటి దొర్లినా ప్రశ్న చచ్చిపోయినట్టే. ఇలా ఉండొచ్చు: (ఎ) ఉత్తర కొరియా పౌరులను మూడో దేశాల నుంచి బలవంతంగా వెనక్కి పంపుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, (బి) వస్తే మానవహక్కుల మండలిలో గానీ సంబంధిత దేశాలతో గానీ ప్రస్తావించిందా, (సి) లేకపోతే కారణాలేమిటి.

జవాబు గొప్పగా ఏమీ రాదు, ముందే చెబుతున్నా. ఒక్కొక్క దేశాన్ని వేలెత్తి చూపే తీర్మానాలకి మన దేశం మొదటినుంచీ దూరం. 2014లో ఐక్యరాజ్యసమితిలో ఉత్తర కొరియా తీర్మానం మీద ఓటింగు జరిగినప్పుడు మనవాళ్ళు తటస్థంగా ఉన్నారు. రెండు కొరియాలతోనూ మనకి 1973 నుంచి దౌత్య సంబంధాలున్నాయి. ఆ మాటే జవాబులో వస్తుంది. అయినా ప్రశ్న రికార్డులో ఉండటం వేరు. తర్వాత అడిగేవాళ్ళకి మెట్టు అవుతుంది.

ఒక హెచ్చరిక. హాల్లో ఎవరో ఒకరు లేచి, "మన దేశం 1951 ఒప్పందంలో చేరిందా?" అని అడుగుతారు. చేరలేదు. చిత్రహింసల ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టాం గానీ ఇప్పటికీ ఆమోదించలేదు. స్టేజీ మీద ఉన్నవాళ్ళకి ఈ జవాబు ముందే తెలిసి ఉండాలి. నీళ్ళు నమిలితే సభ అక్కడితో చెడుతుంది.

చిట్టాపద్దు

డబ్బు సంగతి నేను చెబుతానండి.

పంపే దారికంటే ముందు, దేనికి పంపుతున్నారన్నది చూడాలి. "ఒక మనిషిని తప్పించడానికి ఇంత" అని చందా అడిగే పోస్టులు సోషల్ మీడియాలో తిరుగుతుంటాయి. అందులో నిజమైన సంస్థలూ ఉన్నాయి, దొంగలూ ఉన్నారు. క్యూఆర్ కోడో, క్రిప్టో అడ్రసో ఇచ్చి, "ఈ అమ్మాయి ఈ రాత్రి నది దాటాలి" అనేది ఏదైనా మోసమే అనుకోండి. నిజంగా దాటించేవాళ్ళు ఆ రాత్రి ముచ్చట ఫేస్‌బుక్‌లో పెట్టరు.

ఇప్పుడు ఆ దారే దాదాపు మూసుకుపోయింది. దక్షిణ కొరియాకి చేరినవాళ్ళు 2009లో 2,914 మంది. 2019లో 1,047. 2020 జనవరిలో కోవిడ్ పేరుతో సరిహద్దు మూశారు, ఆ ఆగస్టులో సరిహద్దు దగ్గరికొస్తే కాల్చమని ఉత్తర్వు ఇచ్చారు, కంచె మీద కంచె వేశారు. 2021లో చేరినవాళ్ళు 63 మంది. 2024లో 236. వీళ్ళలో కూడా చాలామంది ఎప్పుడో ఏళ్ళ క్రితం దాటి చైనాలోనో రష్యాలోనో ఉండిపోయినవాళ్ళే. చైనాలో రైలు టికెట్‌కి ఐడీ, స్టేషన్లలో ముఖం గుర్తుపట్టే కెమెరాలు, చెల్లింపులన్నీ ఫోన్లో. కాగితం లేని మనిషి సరిహద్దున ఉన్న యాన్‌బియన్ నుంచి చైనా దక్షిణాన కున్‌మింగ్ దాకా వెళ్ళి, లావోస్ మీదుగా మెకాంగ్ దాటి థాయ్‌లాండ్ చేరడం అంటే మాటలు కాదు. దళారుల రేట్లు కోవిడ్‌కి ముందున్నదానికి ఎన్నో రెట్లయ్యాయి. మీ 40 వేలు ఆ లెక్కలో ఎక్కడా ఆనదు.

అదే డబ్బు, చేరుకున్నవాళ్ళ కోసమో సాక్ష్యాల నమోదుకో ఇస్తే కనిపిస్తుంది. ఇప్పటిదాకా దక్షిణ కొరియా చేరినవాళ్ళు మొత్తం 34 వేల పైచిలుకు. అందులో 70 శాతానికి పైగా ఆడవాళ్ళు. గూఢచార సంస్థ విచారణ అయ్యాక హానావన్ కేంద్రంలో మూడు నెలల శిక్షణ ఇచ్చి బయటికి పంపుతారు. ఆ తర్వాతే అసలు కష్టం. చైనాలో పుట్టి తల్లి వెంట వచ్చిన పిల్లలకి కొరియన్ రాదు, వయసుకి తగ్గ క్లాసులో కూర్చోలేరు. ఇలాంటి పిల్లల కోసం సోల్‌లో యోమ్యోంగ్ స్కూలు లాంటి ప్రత్యామ్నాయ బడులు చందాల మీద నడుస్తున్నాయి. సాక్ష్యాల పని చేసేవాళ్ళలో 1996 నుంచి ఉన్న ఉత్తర కొరియా మానవహక్కుల పౌర కూటమి, ఉత్తర కొరియా మానవహక్కుల డేటాబేస్ కేంద్రం, ట్రాన్సిషనల్ జస్టిస్ వర్కింగ్ గ్రూప్ ఉన్నాయి. 2025లో అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోయాక ఈ రంగంలో చాలా సంస్థలు సిబ్బందిని తగ్గించుకున్నాయి. కాబట్టి చిన్న మొత్తమైనా అక్కర ఉన్న సమయమే.

ఇక పంపే పద్ధతి.

చాలామంది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అని భయపడతారు. అది విదేశాల నుంచి వచ్చే డబ్బుకి, పోయే డబ్బుకి కాదు. పోయే డబ్బుకి రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకి డబ్బు పంపుకునే) పథకం. వ్యక్తికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతి, విరాళాలు అందులోకి వస్తాయి. చిక్కు ఎక్కడంటే ఈ పథకం వ్యక్తులకే. కాలేజీ అసోసియేషన్ ఖాతా నుంచి, ట్రస్టు ఖాతా నుంచి కుదరదు. ట్రస్టు అయితే ఇంకో తంటా కూడా ఉంది, ఆదాయం దేశం బయట ఖర్చుపెడితే పన్ను మినహాయింపు పోయే ప్రమాదం. కాబట్టి ఒక లెక్చరర్ గారి సొంత ఖాతా నుంచే పంపాలి. ఆయన ఖాతాలోకి చందా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని అసోసియేషన్ మినిట్సులో తీర్మానం రాసి ఇద్దరు సంతకం పెట్టండి. లేకపోతే రేపు ఆయనకే ఇబ్బంది.

బ్యాంకులో ఏ2 ఫారం, పాన్, సంస్థ పూర్తి పేరు, చిరునామా, వాళ్ళ బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలి. పర్పస్ కోడ్ దగ్గర విదేశీ ధార్మిక సంస్థలకి విరాళం అంటే ఎస్1303. కౌంటర్లో కొత్తవాళ్ళుంటే కుటుంబ పోషణ కోడ్ వేసేస్తారు, చూసుకోండి. ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలుచేసే పన్ను), మీకు వర్తించదు. ఆదాయపన్నులో 80జీ మినహాయింపు దొరకదు, చందా ఇచ్చేవాళ్ళకి ముందే చెప్పండి. చిన్న బ్రాంచిలో ఈ పని తెలియక తిప్పుతారు, విదేశీ మారకం చూసే బ్రాంచి ఏదో అడిగి నేరుగా అక్కడికే వెళ్ళండి. ఛార్జీలన్నీ పంపేవాళ్ళే భరించేలా టిక్ పెట్టకపోతే మధ్య బ్యాంకులు కోసుకుని తక్కువ చేరుతుంది. అందుకే నాలుగైదు సార్లు కాకుండా ఒక్కసారే పంపండి.

రసీదు మీద "రెస్క్యూ" అనో "బోర్డర్" అనో రాయించకండి. "విద్యా సహాయం", "డాక్యుమెంటేషన్" చాలు.

దక్షిణం నుంచి ఉత్తర కొరియాలోకి బెలూన్లలో కరపత్రాలు, పెన్‌డ్రైవులు పంపేవాళ్ళు కూడా చందా అడుగుతారు. దక్షిణ కొరియాలో 2020 డిసెంబరులో దాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు, 2023 సెప్టెంబరులో రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. 2024 మే నుంచి ఉత్తరం వైపు నుంచి చెత్త బెలూన్లు వచ్చాయి. సరిహద్దు ఊళ్ళ జనమే వద్దంటున్న పనికి గోదావరి జిల్లా విద్యార్థుల డబ్బు ఎందుకండి. నా అభిప్రాయం అది.

లంకవాసి

మన పక్కనే రాజోలు, మలికిపురం, నరసాపురం నుంచి కువైట్ వెళ్ళి ఇరుక్కుపోయిన ఆడవాళ్ళు ఉన్నారు. పాస్‌పోర్టు లాక్కుని, జీతం ఇవ్వకుండా, ఏజెంటు ఫోన్ ఎత్తకుండా. వాళ్ళ కోసం కొవ్వొత్తి వెలిగించనివాళ్ళు కొరియా కోసం వెలిగిస్తారా? అడక్కుండా ఉండలేకపోయానండి.

కాలవగట్టు

లంకవాసి గారూ, అడగాల్సిన ప్రశ్నే. సభలో ఈ రెండూ పక్కపక్కన పెట్టమనే చెబుతాను. చైనాలోకి దాటిన ఉత్తర కొరియా ఆడవాళ్ళలో చాలామందిని దళారులే పల్లెటూళ్ళ మగవాళ్ళకి పెళ్ళి పేరుతో అమ్మారు. పని ఇప్పిస్తామని తీసుకెళ్ళి చెయ్యి మార్చడం మన జిల్లాల్లో ఎవరికీ కొత్తగా వివరించక్కర్లేదు.

తేడా ఒకచోట ఉంది. కువైట్‌లో చిక్కుకున్న మన ప్రాంతపు ఆవిడ ఎలాగోలా బయటపడితే ఇండియన్ ఎంబసీకి పోతుంది, అక్కడ షెల్టర్ ఉంటుంది, అవుట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు తాత్కాలిక కాగితం) ఇచ్చి ఇంటికి పంపుతారు. ఆలస్యమవుతుంది, తిప్పుతారు, కానీ ఇల్లు ఇల్లే. చైనాలోని షెన్యాంగ్‌లో ఉన్న ఉత్తర కొరియా ఆవిడకి తన దేశపు కాన్సులేటే అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు. ఇంటికి పంపడమే శిక్ష. ఆమెని కొట్టే భర్త మీద పోలీసు కంప్లైంటు ఇచ్చినా పట్టుకునేది ఆమెనే. ఈ ఒక్క తేడా విద్యార్థులకి అర్థమైతే సభ సగం పూర్తయినట్టే. కువైట్ బాధితుల కోసం పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే అదే స్టేజీ మీద పది నిమిషాలు మాట్లాడించండి.

పంటకాలవ

వీడియో కాల్ గురించి ఎవరూ చెప్పలేదు. ప్రమాదం ఎక్కువున్నది అందులోనే.

మనిషి సోల్‌లో క్షేమంగా ఉన్నా, అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. ఒకరు పారిపోతే కుటుంబం మొత్తాన్ని శిక్షించే పద్ధతి అక్కడ ఉంది. పారిపోయారని తెలియక, చనిపోయారనో కనిపించట్లేదనో రాసుకుని ఉంటే ఆ కుటుంబం బతికిపోతుంది. మీ కాలేజీ యూట్యూబ్ ఛానెల్లో రెండు వందల వ్యూస్ వచ్చే వీడియో ఆ రాతని మార్చగలదు. అందుకని:

నేరుగా ఎవరికీ మెసేజ్ పెట్టకండి. పైన చెప్పిన సంస్థల ద్వారానే అడగండి, కనీసం రెండు నెలల ముందు. ఇప్పటికే ముఖం చూపించి బహిరంగంగా మాట్లాడుతున్నవాళ్ళనే అడగండి. కొత్తగా వచ్చినవాళ్ళని కాదు. సంస్థ ఎవరినో సూచించి, కెమెరా వద్దు, గొంతు మార్చాలి అంటే మారుమాట్లాడకుండా ఒప్పుకోండి.

రికార్డింగు ఆపెయ్యండి. జూమ్‌లో రికార్డు బటన్ తీసేస్తే సరిపోదు, హాల్లో మూడొందల ఫోన్లుంటాయి. గుమ్మం దగ్గర ఫోన్లు తీసుకుని టోకెన్లివ్వండి, లేదా స్క్రీను మీద బొమ్మ వెయ్యకుండా మాట మాత్రం వినిపించండి. రెండోదే తేలిక. లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్క ల్యాప్‌టాప్ నుంచే చేరండి, వెయిటింగ్ రూము ఆన్ చేసి ఉంచండి.

అడగకూడనివి: ఏ ఊరు, ఏ తారీఖున దాటారు, ఏ దారి, దళారి ఎవరు, ఇంట్లో ఎవరెవరున్నారు. ఇంటికి డబ్బు పంపుతున్నారా అన్నది కూడా వద్దు. చాలామంది చైనా దళారుల ద్వారా పంపుతారు, కమీషనే 30 శాతమో అంతకంటే ఎక్కువో పోతుంది. ఆ గొలుసులో ఒక లింకు బయటపడినా మొత్తం పోతుంది. "మిమ్మల్ని ఎలా కొట్టారు?" అని మైకు పట్టుకుని అడిగేవాడు ప్రతి కాలేజీలో ఒకడుంటాడు. ప్రశ్నలు ముందే కాగితం మీద తీసుకుని, సంస్థకి పంపి, ఒప్పుకున్నవే ఒక్కరితో చదివించండి.

అడగదగ్గవి బోలెడు. బడిలో ఏం నేర్పేవారు, సంతలో ఏం అమ్మేవారు, రేషను ఆగిపోయాక ఇల్లు ఎలా గడిచింది, సోల్‌లో మొదటి ఉద్యోగం ఎలా దొరికింది. కుటుంబ చరిత్రని బట్టి జనాన్ని విధేయులు, ఊగిసలాడేవాళ్ళు, శత్రువులు అని మూడుగా విడగొట్టే సోంగ్‌బున్ పద్ధతి గురించి అడిగితే మన పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. పుట్టుకని బట్టి చదువూ ఉద్యోగం తేలడం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

అనువాదం లెక్క వేసుకోండి. కొరియన్ నుంచి ఇంగ్లీషు, దాన్నుంచి తెలుగు అంటే 20 నిమిషాల మాట గంట అవుతుంది. పిల్లలు లేచిపోతారు. కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి చెప్పగలిగేవాళ్ళు పెనుకొండ కియా ఫ్యాక్టరీ వచ్చాక మన రాష్ట్రంలో తయారయ్యారు. ఫీజు ఇచ్చి పిలవండి. విన్నది బయట చెప్పనని కాగితం రాయించుకోండి, పేర్ల జాబితా ముందుగా వాళ్ళ చేతికి ఇవ్వకండి. మాట్లాడే మనిషికీ గౌరవవేతనం ఇవ్వాలి. ఆమె ఒక రోజు పని మానుకుని వస్తుంది.

టైము: సోల్ మనకంటే మూడున్నర గంటలు ముందు. మీ సాయంత్రం నాలుగు వాళ్ళకి రాత్రి ఏడున్నర. మధ్యాహ్నం రెండు గంటలకి పెట్టుకోండి. డిసెంబరులో తుపాను పడితే కరెంటూ నెట్టూ రెండూ పోతాయి కాబట్టి ఆమె ముందే రాసిచ్చిన రెండు పేజీల తెలుగు అనువాదం చేతిలో ఉంచుకోండి. కాల్ రాకపోతే చదవచ్చు.

ర్యాలీ సంగతి: హాల్లో సభకి ప్రిన్సిపాల్ రాతపూర్వక అనుమతి చాలు. రోడ్డెక్కితే డీఎస్పీ ఆఫీసులో అర్జీ పెట్టాలి. పోలీసు చట్టం సెక్షన్ 30 (అనుమతి లేకుండా ఊరేగింపులు తియ్యకూడదనేది) మన జిల్లాల్లో తరచూ అమల్లో ఉంటుంది. కొవ్వొత్తుల కోసం అంత తిరుగుడు అవసరమా అని నా అనుమానం.

వనామీ_లెక్క

మీరు భీమవరంలో ఉన్నారు కాబట్టి, కొవ్వొత్తులకంటే బరువైన పని ఒకటి మీ ఊళ్ళోనే ఉంది.

ఉత్తర కొరియా తన మనుషుల్ని చైనా ఫ్యాక్టరీలకి పనికి పంపుతుంది. సరిహద్దున ఉన్న డాన్‌డాంగ్‌లో చేపలు, సముద్రపు సరుకు శుద్ధి చేసే ప్లాంట్లలో వాళ్ళు పనిచేస్తున్నారని 2024 ఫిబ్రవరిలో విలేఖరుల పరిశోధన బయటపెట్టింది. పాస్‌పోర్టులు మేనేజర్ల దగ్గర, గేటు దాటి బయటికి వెళ్ళడానికి లేదు, జీతంలో ఎక్కువ భాగం వాళ్ళ ప్రభుత్వానికి, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు. భద్రతా మండలి 2017 డిసెంబరులో చేసిన 2397 తీర్మానం ప్రకారం ఇలాంటి కార్మికులందరినీ 2019 డిసెంబరు 22 నాటికి వెనక్కి పంపాలి. పంపలేదు. దీన్ని గమనించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందాన్ని 2024 మార్చిలో రష్యా వీటో చేసి ఆపేసింది. ఆ అక్టోబరులో 11 దేశాలు కలిసి వేరే బృందం పెట్టుకున్నాయి.

మన రొయ్యకి అమెరికా మొదటి మార్కెట్టు, చైనా రెండోది. మన రొయ్యని ఫలానా ప్లాంటులో వాళ్ళే ఒలుస్తున్నారని నేను అనట్లేదు. చైనాకి పోయిన సరుకులో కొంత అక్కడ మళ్ళీ శుద్ధి అయి వేరే దేశాలకి వెళుతుంది, ఆ దశలో ఎవరి చేతులు పడ్డాయో ఇక్కడ ఎవరూ అడగట్లేదు అంటున్నాను. అమెరికా 2017 చట్టం ప్రకారం ఉత్తర కొరియా కార్మికులు చేసిన సరుకు ప్రపంచంలో ఎక్కడ తయారైనా వెట్టిచాకిరీ సరుకుగానే లెక్క. కాదని దిగుమతిదారు గట్టి ఆధారంతో నిరూపించుకోవాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. అంటే ఇది ఎగుమతిదారుకి వ్యాపార ప్రమాదం కూడా. ఆ భాషలో చెబితే వింటారు. ధర్మం గురించి చెబితే టీ ఇచ్చి పంపేస్తారు.

విద్యార్థులు చెయ్యగలిగింది: ప్రాసెసింగ్ యూనిట్లకి, ఎగుమతిదారుల సంఘానికి ఒక పేజీ నోటు. చైనా కొనుగోలుదారుని అడగాల్సినవి నాలుగైదు చాలు. సరుకు కోల్డ్ స్టోరేజీకేనా, మళ్ళీ ప్రాసెసింగ్‌కా. ప్రాసెసింగ్ అయితే ఆ ప్లాంటు చిరునామా, చైనా కస్టమ్స్ దగ్గర దాని రిజిస్ట్రేషన్ నంబరు. డాన్‌డాంగ్, డాంగ్‌గాంగ్, హున్‌చున్, ట్యూమెన్ లాంటి సరిహద్దు ఊళ్ళ పేర్లుంటే ఇంకో రెండు ప్రశ్నలు. బిల్లు మీద డాలియన్ పోర్టు కనిపించినంత మాత్రాన తప్పు పట్టకండి, ఉత్తర చైనా సరుకులో చాలా భాగం అక్కడే దిగుతుంది. ఒప్పందంలో "ఉత్తర కొరియా కార్మికులు లేరు" అని ఒక క్లాజు చేర్చమనండి. తనిఖీ ముందే చెప్పి వెళితే కార్మికుల్ని దాచేస్తారు, ఆడిట్ సర్టిఫికెట్ ఒక్కటే చూసి నమ్మొద్దని కూడా రాయండి.

చెరువు రైతుని ఇందులోకి లాగకండి. కౌంటూ రేటూ చూసుకునే మనిషికి సరుకు ఏ దేశం పోతుందో కూడా చెప్పేవాడు ఉండడు.

గునుపూడి_కుర్రాడు

చాలా థ్యాంక్సండి. ర్యాలీ తీసేస్తున్నాం. రొయ్యల నోటు కామర్స్ గ్రూపుకి అప్పగించాం, హుషారుగా ఉన్నారు. వనామీ గారూ, నోటు తయారయ్యాక ఒకసారి చూస్తారా? ఇంకొకటి, ఫొటోల ప్రదర్శన. నెట్‌లో దొరికినవి తీసి ఫ్లెక్సీ కొట్టిద్దామంటున్నారు మావాళ్ళు.

పంటకాలవ

నెట్‌లో దొరికినవి అంటే కొంపలంటుకుంటాయండి. ఉత్తర కొరియా పేరుతో తిరిగే శవాల ఫొటోల్లో వేరే దేశాలవీ సినిమాలవీ కలిసిపోయి ఉంటాయి. ప్రతి బొమ్మనీ రివర్స్ సెర్చ్ చేసి, మొదట ఎవరు వేశారో దొరక్కపోతే పక్కన పెట్టండి. మనవైపు యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళలో వచ్చేదేదీ పోస్టరు మీదకి ఎక్కించకండి. కిమ్ జోంగ్ ఉన్ తన మేనత్త భర్తని కుక్కలకి వేశాడన్నది చైనా సోషల్ మీడియాలో వ్యంగ్యంగా రాసిన ముక్క. చంపించింది నిజం, 2013 డిసెంబరులో. కుక్కలు అబద్ధం. గాయని హ్యోన్ సోంగ్ వోల్‌ని కాల్చేశారని 2013లో వార్తలొచ్చాయి. ఆవిడ 2014లో టీవీలో కనిపించింది, 2018 జనవరిలో ఏకంగా దక్షిణ కొరియాకే వచ్చింది. ఇలాంటిది ఒక్కటి పోస్టరు మీదుంటే మిగతా నిజాలన్నీ పోతాయి.

సాక్ష్యాల్లోనూ జాగ్రత్త. ప్రపంచమంతా తెలిసిన ఒక సాక్షి 2015 జనవరిలో తన కథలో కొన్ని భాగాలు మార్చుకున్నాడు. హింస జరగలేదని కాదు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి మారాయి. ప్యాంగ్యాంగ్ దాన్ని పట్టుకుని మొత్తం నివేదికే అబద్ధమంది. విచారణ సంఘం వందల మంది మాటలు కలిపి చూసింది గనక నిలబడింది. మీరూ ఒక్కరి కథ మీద గోడ కట్టకండి.

ఫొటోల బదులు ఈ ఐదు పెట్టండి: సరిహద్దు మ్యాపు, మెకాంగ్ దాకా దారి (దేశాల పేర్లు మాత్రమే, ఊళ్ళు వద్దు). ఏటేటా చేరినవాళ్ళ సంఖ్య గ్రాఫు. రాజకీయ ఖైదీల శిబిరాల ఉపగ్రహ చిత్రం, కింద ఎవరిదో రాసి. ఆ శిబిరాల్లో 80 వేల నుంచి లక్షా 20 వేల మంది ఉంటారన్నది 2014 నాటి అంచనా, ఏడాది తప్పకుండా వెయ్యండి. చిత్రహింసల ఒప్పందం మూడో అధికరణం తెలుగులో. చివరిది మీ డ్రామా పిల్లల కోసం: 2020 డిసెంబరు చట్టం ప్రకారం దక్షిణ కొరియా సినిమా చూస్తే 5 నుంచి 15 ఏళ్ళు, పెద్ద ఎత్తున పంచిపెడితే మరణశిక్ష. ఇద్దరు పదహారేళ్ళ కుర్రాళ్ళకి 12 ఏళ్ళ కఠిన శిక్ష వేస్తున్న వీడియో 2024 జనవరిలో బయటికొచ్చింది. ఆ వీడియో వెయ్యకండి, కుర్రాళ్ళ ముఖాలున్నాయి. రెండు వాక్యాలు రాస్తే చాలు.

ఫ్లెక్సీ వద్దు, చార్టు పేపరు మీద చేత్తో రాయించండి. రాసినవాళ్ళకి గుర్తుంటుంది, తప్పుంటే అక్కడికక్కడే దిద్దొచ్చు.

వనామీ_లెక్క

నోటు పెట్టండి, చూస్తాను. ఇంగ్లీషు కాపీ కూడా తయారుచెయ్యండి, యూనిట్లో కొనుగోలుదారుతో మెయిల్ నడిపేది డాక్యుమెంటేషన్ సెక్షను వాళ్ళు, యజమాని కాదు. మీ కాగితం ఆ టేబులు మీదకి చేరాలి.